సుజుకీ ఇంకా సిద్ధం కాలేదు

మే 5, శనివారం

సుజుకీ జీపుని షెడ్డులోంచి బయటికి తీశాం. తీశాం అంటే నేను తీశాను. మా ఆయన వీబె కుర్చీ వేయించుకుని పెత్తనం చేశాడు. ముక్కుకి గొట్టం, ఒళ్లో ఆక్సిజన్ మిషన్, బుగ్గన పిప్పరమెంటు బిళ్ల.

"కుడికి తిప్పవే, కుడికి! అది నీ స్కూలు బస్సు కాదు, సబ్బుపెట్టంత బండి!"

"నోర్మూసుకుని గాలి పీల్చుకో," అన్నాను. నవ్వాడు. నవ్వితే దగ్గు. దగ్గితే నేను పానా కింద పడేసి పరిగెత్తాలి. ఇక నవ్వించకూడదు.

పెళ్లయిన కొత్తలో కొన్న బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి, అడవిలో ఎక్కడ పడితే అక్కడ దూరుతుంది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు పట్టరు, మాకు పిల్లలు లేరు కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు. పదేళ్లుగా షెడ్డులో పడి ఉంది. బ్యాటరీ మార్చి, కార్బురేటర్ కడిగి, కొత్త పెట్రోలు పోస్తే రెండో తిప్పుకే పలికింది. వీబె కళ్లు తుడుచుకున్నాడు. పొగ వల్ల అన్నాడు.

పోయిన చలికాలంలో ఉత్తర కొసన మంచు సముద్రం దాకా రోడ్డు వేశారు. ఇదివరకు మధ్యలోనే ఇనూవిక్‌లో ఆగిపోయేది. ఇప్పుడు టక్‌టొయాక్‌టక్ ఊరి దాకా వెళ్లి, బండి దిగి, మంచు సముద్రంలో కాళ్లు పెట్టొచ్చు. ఆ వార్త విన్న దగ్గర్నుంచీ ఇంట్లో ఇదే పాట. "నలభై ఏళ్లు ఆ మిల్లులో రంపాల పళ్లు సాన పట్టి ఇనప రజను మింగాను. ఒక్కసారి ఆ గాలి మింగనివ్వవే," అంటాడు.

ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి. అవి మళ్లీ మెత్తబడవు. నిన్న డాక్టరమ్మ అతనితో అంది, "ఈ వేసవి మీ చేతిలో ఉంది. వచ్చే వేసవి సంగతి నేను చెప్పలేను. వెళ్లాలనుంటే త్వరగా వెళ్లండి" అని. గుమ్మం దగ్గర నన్ను ఆపి, "ఆ దారిలో ఏదైనా అయితే ఆసుపత్రి గంటల దూరం. అది తెలిసే వెళ్లండి," అంది. వీబె మొదటి మాటే విన్నాడు. నాకు రెండోది ఒక్కటే వినపడుతోంది.

జూన్ మొదట్లో బయలుదేరాలి. అప్పటికి ఉత్తరాన పీల్ నది మీద బండ్లను దాటించే పడవ తిరగడం మొదలవుతుంది.

మే 6, ఆదివారం

చర్చి. ఆ తర్వాత వదిన ఇంట్లో సూపూ బన్నులూ. బౌకె వదిన వీబె కన్నా ఎనిమిదేళ్లు పెద్దది, దేవుడి కన్నా ఒకటి రెండేళ్లు చిన్నది. ఆదివారం పని చేస్తే పాపమని బంగాళాదుంపకి చెక్కు కూడా తీయదు, శనివారమే తీసి నీళ్లలో వేస్తుంది. "గడప దాటించావంటే నా తమ్ముణ్ని నువ్వే చంపినట్టు," అంది, సూపు గరిటె నా మొహం ముందు ఆడిస్తూ.

"అక్కా, నేనిక్కడే ఉన్నాను, చెవులు పనిచేస్తున్నాయి," అన్నాడు వీబె.

మేమూ ఆదివారం పానా ముట్టం. రోజంతా చేతులు ఊరుకోలేదు.

మే 19, శనివారం

ముందు చక్రాల బేరింగులు మార్చాను. బ్రేకు గొట్టాలు నాలుగూ కొత్తవి. వెనక కమాను పట్టీలకు ఒక్కో రేకు అదనంగా వేశాను. వీబె మిషన్ కోసం సీటు వెనక రెండో బ్యాటరీ కట్టాను. ఇంజిన్ ఆగినా అది రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుంది. జన్మలో ఏ తీగలూ నేను ఇంత శ్రద్ధగా బిగించలేదు.

వీబె గట్టు మీద కూర్చుని ఒక్కో బోల్టూ గుడ్డతో తుడిచి ఇచ్చాడు. పెళ్లయ్యాక ఇంత సేపు ఇద్దరం ఒకే చోట కూర్చున్న గుర్తు లేదు. అతను మిల్లులో, నేను బస్సుల షెడ్డులో. సాయంత్రం ఇద్దరం గ్రీజు వాసనతోనే ఆవురావురుమంటూ తినేశాం.

మే 26, శనివారం

హైవే ఎక్కి, ఉత్తరం రోడ్డు మొదలయ్యే కిట్వాంగా దాకా వెళ్లొచ్చాం. ఎక్కాలో దిగాలో చెప్పక్కర్లేకుండా కొండలన్నీ దాటింది. వేడెక్కలేదు. చప్పుడు లేదు. వీబె కిటికీ దించి చెయ్యి బయట పెట్టి కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక అడిగాడు. "ఇంకేం మిగిలింది?"

వెనక గేరుపెట్టె కిందికి దూరి చూశాను. నూనె కారకుండా ఆపే సీలు దగ్గర కాస్త చెమ్మ.

"సీలు కారుతోంది," అన్నాను.

"కారుతోందా, చెమ్మగా ఉందా?"

"రేపు కారుతుంది."

"రేపటికి మనం టక్‌లో ఉంటామే పిచ్చిదానా."

సీలు కోసం వాంకూవర్‌కి ఫోన్ చేశాను. పది రోజులు పడుతుందట. పది రోజుల్లో ఏం మునిగిపోతుంది?

జూన్ 9, శనివారం

సీలు వచ్చింది. సైజు తప్పు. తిప్పి పంపాను.

కొలత నేనే చెప్పాను. ఎలా తప్పు చెప్పానో తెలియడం లేదు. ఈ బండి కొలతలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

జూన్ 16, శనివారం

చెత్త యార్డు కాటా మీద బండిని తూచాం. శనివారం అదో తిరునాళ్ల. చెత్త పారేయడం, లియొనార్డ్‌తో కాఫీ, కబుర్లు. కాటా గదిలో లియొనార్డ్ ఇరవై ఏళ్లుగా కూర్చుంటున్నాడు. లారీలను తూచే కాటా మీద మా సబ్బుపెట్టె ఎక్కగానే నవ్వాపుకోలేకపోయాడు.

"ఏంటమ్మా ఇది! ఇల్లొక్కటే తక్కువ. అదీ కట్టేసుకోండి."

నిజమే, కొంచెం ఎక్కువే పేర్చాను. నెత్తిన క్యారియర్, దాని మీద గుడారం, నాలుగు పెట్రోలు క్యాన్లు, నీళ్లు, తవ్వుకునే పార, ఇసుకలో వేసే పలకలు, కింద ఇంజినుకి అడ్డంగా ఇనప పలక. చిన్న బండ్ల వాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. దారిలో ఏదొస్తుందోనని అన్నీ పెట్టుకుంటాం, అన్నీ పెట్టుకున్నాక బండి కదలదు. మేం ఇద్దరం లోపల కూర్చుంటే పరిమితి దాటేసింది.

"ఏదో ఒకటి దించాలి," అన్నాడు లియొనార్డ్.

"నన్ను దించేయ్. అన్నిట్లోకీ పనికిమాలింది నేనే," అన్నాడు వీబె.

లియొనార్డ్ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

జూన్ 28, గురువారం

సరైన సీలు వచ్చింది. వేశాను. ఇప్పుడు ముందు వైపుది చూడాలనిపిస్తోంది. ఒకటి పోయిందంటే రెండోదీ పోయే వయసే కదా.

వీబె లోపలికెళ్లి పడుకున్నాడు. మధ్యాహ్నం నిద్ర ఈ మధ్య పెరిగింది. మంచిదే, విశ్రాంతి.

జులై 7, శనివారం

మళ్లీ కాటా. ఈసారి పరిమితి లోపలే ఉంది.

"ఏం తీసేశారమ్మా?"

"ఏమీ తీయలేదు. బురద ఎండి రాలుంటుంది."

లియొనార్డ్ గది కిటికీలోంచి వీబె వైపు చాలాసేపు చూశాడు. తర్వాత బయటికొచ్చి ఒక సీసా అతని ఒళ్లో పెట్టాడు. "మా ఆవిడ పొగబెట్టిన సాల్మన్. తినవయ్యా మహానుభావా. నీ బెల్టు నీ చుట్టూ రెండుసార్లు తిరుగుతోంది."

బరువు సరిపోయింది. సంతోషం. రెండో స్టెప్నీ కూడా పెట్టుకోవచ్చు.

జులై 11, బుధవారం

పొద్దున కాఫీ కలుపుతుంటే షెడ్డులో ఇంజిన్ చప్పుడు. పరిగెత్తాను. వీబె డ్రైవర్ సీట్లో కూర్చుని ఉన్నాడు. గొట్టం ముక్కుకే ఉంది, మిషన్ రెండో బ్యాటరీకి తగిలించుకున్నాడు. షెడ్డు తలుపు తెరవడానికి మాత్రం ఊపిరి చాల్లేదు.

"దిగు."

"దిగను. అంతా అయిపోయింది. సీళ్లు అయ్యాయి, బేరింగులు అయ్యాయి. ఇంకేముంది? చెప్పు. అద్దాలకి పూలు కడతావా?"

"ముందు ఇరుసు..."

"ఇరుసుకేం రోగం లేదు! రోగం నాకు! అర్థమవుతోందా నీకు? నాకు!" అని అరిచాడు. అరిచాక ఊపిరందక స్టీరింగు మీద వాలిపోయాడు. పెదాలు నీలంగా అయ్యాయి. గొట్టంలో గాలి పెంచి, వీపు రాస్తూ కూర్చున్నాను.

తేరుకున్నాక అన్నాడు. "నువ్వు రాకపోతే నేనొక్కణ్నే పోతా, రెన్‌స్కె. ఒట్టు."

ఇంత ఊపిరితో రోడ్డెక్కితే టెరేస్ మలుపు కూడా దాటలేడు. అతనికి తెలియడం లేదు. ఇక్కడుంటే డాక్టరమ్మ ఉంది, ఆక్సిజన్ లారీ వారం వారం వస్తుంది, నేనున్నాను. బండి కోసం ఎదురుచూస్తున్న మనిషి మధ్యలో పోడు. ఇది నా పిచ్చి అయితే కావచ్చు. బండి పని మిగిలి ఉన్నంత కాలం వీబె ఉంటాడు.

జులై 12, గురువారం

డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి రోటర్ శుభ్రం చేశాను. గోటితో అయ్యే పని. బొటనవేలంత ముక్క, అది లేకపోతే ఎంత తిప్పినా ఇంజిన్ పలకదు. ఏప్రన్ జేబులో ఉండిపోయింది. రేపు పెడతాను.

జులై 13, శుక్రవారం

రోటర్ పెట్టడం మర్చిపోయాను.

జులై 14, శనివారం

కాటాకి వెళ్లాలి కాబట్టి పెట్టాను.

జులై 16, సోమవారం

రోటర్ మీద నల్లగా పేరుకుంటోంది. మళ్లీ తీసి తుడిచాను. జేబులో ఉంది.

జులై 28, శనివారం

ఇప్పుడు ఇదో అలవాటైంది. సోమవారం తీస్తాను, శనివారం కాటా కోసం పెడతాను. శనివారం సాయంత్రం మళ్లీ తీయను. చేతులు కడుక్కుని, బంగాళాదుంపలు చెక్కు తీసి, బట్టలు ఇస్త్రీ చేసుకోవాలి. ఆదివారం మా వాళ్లలో ఎవరు హైవే ఎక్కుతారు? ముప్ఫై ఏళ్లలో మేం చర్చికి తప్ప బండి తీసింది లేదు. అది అతని బుద్ధిలోకే రాదు.

శుభ్రం చేయడానికే తీస్తున్నాను.

ఆగస్టు 8, బుధవారం

పొగ. ఉత్తరాన అడవులు తగలబడుతున్నాయి. కొండ కనపడడం లేదు, ఎదురింటి బౌకె వదిన కొట్టమే కనపడడం లేదు. కిటికీల సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కాను. వీబె కూర్చునే నిద్రపోతున్నాడు, పడుకుంటే ఊపిరాడడం లేదు.

ఇంత పొగలో ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటారా? చూశావా, నేను ఆపడమే మంచిదైంది.

ఆగస్టు 18, శనివారం

పొగ కాస్త పలచబడింది. కాటా. బరువు ఇంకా తగ్గింది. మంచిదే.

మంచిదే అని ఎందుకు రాశాను?

ఆగస్టు 22, బుధవారం

ముందు ఇరుసు విప్పాను. దానికేమీ లేదు. మళ్లీ బిగించాను.

ఆగస్టు 25, శనివారం

బౌకె వదిన బఠాణీ సూపు తెచ్చింది. వీబె రెండు చెంచాలు తాగాడు. ఆవిడ గిన్నె కడుగుతూ వీపు నా వైపే పెట్టి అడిగింది.

"బండికి ఏమైందే ఇంకా?"

"చిన్న చిన్న పనులు."

"మా ఆయన పోయినప్పుడు నేనూ వంటిల్లు వదల్లేదు. లోపల మంచం మీద ఆయన పోతుంటే ఇవతల కేకు చేస్తూ కూర్చున్నాను. ఎవరు తింటారా కేకు?" తిరిగి నా మొహంలోకి చూసింది. "నేను అడ్డం పడ్డాను మొదట్లో, నిజమే. ఇప్పుడు చెబుతున్నా. వాణ్ని పోనివ్వు."

"మీకేం తెలుసు వదినా బండ్ల గురించి," అన్నాను. గిన్నె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

ఆగస్టు 29, బుధవారం

డాక్టరమ్మ ఇంటికొచ్చింది. మిషన్‌లో గాలి మళ్లీ పెంచింది. దానికి బ్యాటరీ సగం సేపే వస్తుంది. వీబె అడిగాడు, "ఇప్పుడు వెళ్తే చేరతానా?" ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. వీబె తలూపాడు.

ఆవిడ వెళ్లాక వీబె కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. అరిచి ఉంటే బాగుండేది. సెప్టెంబరు దాటితే ఉత్తరాన మంచు పడుతుంది. మనసులో ఏదో ఒక మూల అనుకున్నాను, మంచు పడితే ఇక ఈ గొడవ ఉండదు అని. అనుకున్నాను, కాబట్టి రాస్తున్నాను.

సెప్టెంబరు 1, శనివారం

కాటా. లియొనార్డ్ అంకె చెప్పలేదు, నేనూ అడగలేదు. వీబెకి చెయ్యందించి, "వెళ్లొస్తావా," అన్నాడు. "వెళ్లొస్తా," అన్నాడు వీబె. చెత్త పడేయడానికి వచ్చినవాళ్లు అలా చెప్పుకోరు. ముసలాళ్ల సరదా అనుకున్నాను.

చెక్కు తీశాను, ఇస్త్రీ చేశాను.

సెప్టెంబరు 2, ఆదివారం

మెజియాడిన్ చెరువు గట్టు మీద, మా పికప్ ట్రక్కులో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున వీబె రానన్నాడు. ఇంట్లో ఫోన్‌లో ప్రార్థన వింటానన్నాడు. వారం వారం జరిగేదే. బుగ్గన పిప్పరమెంటు పెట్టుకుని నాకూ ఒకటిచ్చాడు. చర్చిలో బౌకె వదిన కుర్చీ ఖాళీగా ఉంది. తలనొప్పేమో అనుకున్నాను. డెబ్భై ఏళ్లలో ఆవిడకి తలనొప్పి రావడం ఎవరైనా చూశారా? అదీ తట్టలేదు నాకు.

ఇంటికొచ్చేసరికి షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. సుజుకీ లేదు. వదిన మా మెట్ల మీద ఆదివారం బట్టల్లోనే కూర్చుని ఉంది, మోచేతులదాకా గ్రీజు.

"తలుపు నేనే తీశాను. గుడారం, రెండో స్టెప్నీ, పెట్రోలు క్యాన్లు, అన్నీ దించేశాను. వాడికీ మిషన్‌కీ చోటు చాలు. ఇప్పుడు నువ్వు నన్ను తిట్టు, కొట్టు. చేసింది చేశాను."

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. "పోలీసుల్ని పిలుస్తాను. హైవే మీద ఆపుతారు."

"పిలువు. చేతులకి బేడీలేసి తీసుకొస్తారు, ఆసుపత్రి మంచం మీద పడేస్తారు. అదేనా నీక్కావలసింది?"

"ఒక్కడూ వదినా. ఒక్కడూ ఎలా..."

"అందుకే చెబుతున్నా. ఇంకా ఇక్కడ నిలబడ్డావేం? ట్రక్కు తియ్యవే!"

"ఆదివారం," అన్నాను. ఎందుకన్నానో దేవుడికే తెలియాలి.

"ఆయనతో నేను మాట్లాడుకుంటాను. నువ్వు పో!"

ఇంట్లో ఉన్న ఆక్సిజన్ సిలిండర్లన్నీ వెనక పడేసుకుని బయలుదేరాను. కిట్వాంగా దగ్గర పెట్రోలు పోయించుకున్నాను, జీవితంలో మొదటిసారి ఆదివారం పూట. ఉత్తరం రోడ్డెక్కాక ఫోన్ సిగ్నల్ పోయింది. ప్రతి మలుపులో, ప్రతి లోయలో చూసుకుంటూ వచ్చాను. వంతెన కనపడితే ప్రాణం పైకి పోయేది. నా దేవుడా, బోల్తా పడి ఉండకూడదు, అంతే, ఇంకేమీ అడగను, అని పైకే అన్నాను.

చెరువు గట్టు మీద కనపడింది. నీళ్ల వైపు మొహం పెట్టి ఆపుకున్నాడు. సీటు వెనక్కి వాల్చుకున్నాడు. పెదాలు నీలం, కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

"వెనక్కి తీసుకుపోవడానికొచ్చావా?"

"నోర్ముయ్." సిలిండర్ తగిలించాను. అతని మొహం రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. కాస్సేపటికి రంగు తేరింది.

"బండి బ్రహ్మాండంగా ఉందే. ఒక్క చుక్క కారలేదు. నువ్వు కట్టిన బ్యాటరీ కూడా..." ఊపిరి తీసుకున్నాడు. "రోటర్ సంగతి నాకు తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజునుంచీ. మూత క్లిప్పుల చప్పుడు నాకు తెలీదా? నలభై ఏళ్లు ఇనుము చప్పుడే విన్నాను."

"అడగలేదేం మరి?"

"అడిగితే అబద్ధం చెబుతావు. చెప్పాక నీ మొహం నేను చూడలేను." మళ్లీ ఊపిరి. "ఇక్కడ ఆగి నీకోసమే చూస్తున్నాను. ఈ డొక్కు ఎంత తొక్కినా డెబ్భై దాటదు, ఎలాగూ పట్టుకుంటావని తెలుసు. తిట్టడం అయితే ఎక్కు."

బండి దిగి అవతలికి పోయి ఏడ్చాను. పదిమంది వినేలా ఏడ్చాను. తర్వాత వచ్చి, "పక్కకి జరుగు," అన్నాను.

ట్రక్కు ఇక్కడి పెట్రోలు బంకు వాళ్లకి అప్పజెప్పాలి. పొద్దున్నే ఉత్తరానికి.

సెప్టెంబరు 3, సోమవారం

డీజ్ లేక్ చేరాం. దారిలో ఎలుగుబంటి, దాని రెండు పిల్లలు. వీబె, "ఆపు, ఆపు," అన్నాడు. అవి రోడ్డు దాటేదాకా ఆగాం. కాలిన అడవులు మైళ్లకొద్దీ, నల్లటి కర్రలు తప్ప ఏమీ లేదు. వాటి కింద నేలంతా అప్పుడే పచ్చగా మొలిచింది.

అతను కునుకు తీస్తున్నాడు, నేను తోలుతున్నాను. కళ్లు తెరిచి, "ఎక్కడున్నాం?" అంటాడు. "దగ్గర్లోనే," అంటాను. మంచు సముద్రం ఇంకా రెండు వేల కిలోమీటర్లు.

సెప్టెంబరు 4, మంగళవారం

కదల్లేకపోయాం. ఇక్కడి నర్సు వెనక్కి వెళ్లమంది. వీబె తల అడ్డంగా ఊపాడు. ఈసారి నేనూ ఊపాను.

సెప్టెంబరు 5, బుధవారం

యూకాన్ రాష్ట్రం సరిహద్దు దాటాం. బోర్డు దగ్గర ఆపి ఫోటో తీయమన్నాడు. దిగడానికి కాళ్లు లేవలేదు, అద్దం దించి చెయ్యి బోర్డు వైపు చాచాడు. ఫోటోలో చెయ్యి ఒక్కటే బాగా వచ్చింది.

సాయంత్రం వాట్సన్ లేక్ చేరేసరికి మాట తడబడింది. తిన్నగా ఆసుపత్రికే.

సెప్టెంబరు 6, గురువారం

పొద్దున కిటికీ తెరవమన్నాడు. "ఉత్తరం ఎటు?" అన్నాడు. చూపించాను. ఆ తర్వాత మాట్లాడలేదు.

సెప్టెంబరు 7, శుక్రవారం

పొద్దున కాఫీ వేళకి పోయాడు. చెయ్యి నా చేతిలోనే ఉంది.

డాక్టరు కుర్రాడే, మంచివాడు. కాగితాలు నింపుతూ అడిగాడు. "ఈ స్థితిలో ఇంత ఆలస్యంగా బయలుదేరారేంటమ్మా? వేసవి మొదట్లో అయితే ఇంత దూరం తట్టుకునేవారు కదా."

"బండి సిద్ధం కాలేదు," అన్నాను. నోటికి అలవాటైన మాట, దానంతటదే వచ్చేసింది.

"పాత బండ్లతో అంతేనమ్మా," అని జాలిగా తలూపాడు. నేనూ తలూపాను. అతని జాలి తీసుకున్నాను.

బౌకె వదినకి ఫోన్ చేశాను. చాలాసేపు ఏడ్చి, చివర్న, "సముద్రం చూశాడా?" అంది. లేదన్నాను.

ఆసుపత్రి ముందు సుజుకీ కింద పడుకుని చూశాను. ఎందుకు పడుకున్నానో నాకే తెలియదు. అలవాటు. సీళ్లు పొడిగా ఉన్నాయి. బేరింగులు వదులు కాలేదు. ఎక్కడా ఏమీ లేదు. మే ఇరవై ఆరున కూడా ఏమీ లేదు, చెమ్మ తప్ప. ఆ రోజు కిట్వాంగాలో వెనక్కి తిప్పకుండా అలాగే ఉత్తరానికి తోలి ఉంటే, పీల్ నది పడవ కోసం నాలుగు రోజులు ఎక్కడో ఆగి ఉంటే, జూన్ మొదటి వారానికి వీబె సముద్రంలో నిలబడి ఉండేవాడు.